మాయాబందర్‌లో మా రైల్వే కంపెనీ

మొన్న పోర్ట్ బ్లెయిర్ నుంచి మాయాబందర్ వెళ్ళే బస్సులో నా వెనక సీటులో ఇద్దరు పెద్దమనుషులు రైలు గురించి దెబ్బలాడుకున్నారు. మన దీవులకు రైలు వస్తుందని ఒకాయన, చచ్చినా రాదని ఇంకొకాయన. ఈ కబురు ఇక్కడ వానాకాలపు జలుబులాంటిది, వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. "సర్వే హో గయా భయ్యా, డిగ్లీపూర్ దాకా పట్టాలేస్తారు," అన్నాడు మొదటాయన. "అరే, పహలే ఈ గుంతలు పూడ్చమనండి," అన్నాడు రెండో ఆయన, సరిగ్గా బస్సు గుంతలో పడి మా అందరి తలలూ ఒకేసారి పైకి ఎగిరినప్పుడు. నాకు నవ్వాగలేదు. పక్కనున్నావిడ "క్యా హువా దీదీ?" అని అడిగింది. "ఏంలేదు, ఒకప్పుడు మా ఇంట్లో రైల్వే కంపెనీ ఉండేది," అన్నాను. ఆవిడ నన్నొకసారి ఎగాదిగా చూసి, కిటికీ వైపు కొంచెం జరిగి కూర్చుంది.

నేను చెప్పింది నిజమే. నేను పన్నెండో తరగతి పూర్తిచేసి ఇంట్లో ఊరికే కూర్చున్న ఏడాది, మా చిన్నాన్న ఒక కంప్యూటర్ కొన్నాడు. ఆయన మాయాబందర్ జెట్టీలో సర్కారు ఫెర్రీ మీద ఇంజను చూసే మనిషి. పోర్ట్ బ్లెయిర్‌లో ఎవరో ఆఫీసరు ట్రాన్స్‌ఫర్ మీద మెయిన్‌ల్యాండ్ వెళ్ళిపోతూ సామాను అమ్మేస్తుంటే, ఈయన వెళ్ళి దాన్ని పట్టుకొచ్చాడు. టీవీలాంటి ఆ పెద్ద డబ్బాను బొంతలో చుట్టి, బోటులో వచ్చినంతసేపూ ఒళ్ళోనే పెట్టుకుని, జెట్టీలో దిగేటప్పుడు కూలీ చేతికి కూడా ఇవ్వకుండా తనే మోసుకొచ్చాడు. మా వాళ్ళకు ఇంట్లోకి ఏ కొత్త వస్తువొచ్చినా ప్రార్థన చేయించడం అలవాటు. కుక్కరొచ్చినా చేయించారు, సైకిలొచ్చినా చేయించారు. కాబట్టి మా చర్చి సంఘం అయ్యగారు వచ్చి కంప్యూటర్ మీద చెయ్యి పెట్టి, ఇది ఈ కుటుంబానికి ఆశీర్వాదకరంగా ఉండాలని కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థించారు. ఆయన అడిగినదాన్ని దేవుడు ఏ దారిన తీర్చాడో తెలిస్తే అయ్యగారే ఆశ్చర్యపోయేవారు.

కంప్యూటర్ కొన్నది నేను టైపింగు నేర్చుకోవడానికనీ, చర్చిలో పాటల కాగితాలు కొట్టివ్వడానికనీ చెప్పారు. కానీ దాని పొట్టలో ఒక సీడీ మిగిలిపోయి ఉంది. అది రైల్వే కంపెనీ నడిపే ఆట. తెరమీద పచ్చటి నేల, కొండలు, అడవులు, నదులు, రేవులు, బొగ్గు గనులు, అక్కడక్కడా ఊళ్ళు. మనం పట్టాలు వెయ్యాలి, ఇంజన్లు కొనాలి, సరుకునూ జనాన్నీ చేరవెయ్యాలి. తూర్పున ఉన్న రేవు నుంచి పడమట కొండల్లో ఉన్న పట్నానికి గడువులోగా ఒక్క రైలైనా చేరాలి. చేరకపోతే కోటు వేసుకున్న డైరెక్టర్లు తెరమీదికొచ్చి మనల్ని ఉద్యోగంలోంచి పీకేస్తారు. చిన్నాన్న గవర్నమెంటు ఉద్యోగి కాబట్టి ఈ పీకెయ్యడం అనే మాట ఆయనను మహా కంగారు పెట్టింది. నేను ఇంగ్లీషు చదివి చెప్పేదాన్ని, ఆయన మౌస్ తిప్పేవాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, డ్యూటీ దిగి వచ్చాక ముఖం కూడా కడుక్కోకుండా కూర్చునేవాడు.

ఇందులో ఉన్న తిరకాసు ఏమిటంటే, చిన్నాన్నా నేనూ ఎప్పుడూ రైలు చూడలేదు. మేము ఈ దీవుల్లోనే పుట్టాం. మా నానమ్మ, సర్కారు భూములిచ్చి జనాన్ని ఇక్కడికి తెచ్చిన సెటిల్మెంటు రోజుల్లో, కొత్త కోడలిగా ఓడెక్కి వచ్చింది. ఆవిడ కూడా పుట్టినూరి పొలంలోంచి దూరాన రైలు పొగ చూశానని చెప్పేదే తప్ప, పొగ కింద ఏముందో ఆవిడకూ తెలియదు. అందుకని మా కంపెనీ మాకు తెలిసిన పద్ధతిలోనే నడిచింది. పట్టాలన్నీ సముద్రపు ఒడ్డు వెంటే వేశాం. స్టేషన్‌ని జెట్టీ అనేవాళ్ళం. తెరమీద వాన మొదలైందంటే చాలు, చిన్నాన్న "మౌసం ఖరాబ్! సెయిలింగ్ బంద్!" అని అరిచి రైళ్ళన్నీ ఆపేసేవాడు. ఎండ కాసేదాకా మా బండ్లు ఎక్కడివక్కడ తడుస్తూ నిలబడి ఉండేవి. కంపెనీ నష్టాల్లో ఉందని డైరెక్టర్లు ఊరుకోకుండా చెబుతూనే ఉన్నారు. వాళ్ళకు సముద్రం గురించి ఏం తెలుసని చిన్నాన్న లెక్కచెయ్యలేదు.

ఇక్కడ మా పిన్ని గురించి చెప్పాలి. చిన్నాన్నకు పెళ్ళై అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆమెది శ్రీకాకుళం వైపు పల్లె. పెళ్ళికొడుక్కి సెలవు దొరక్కపోవడంతో వాళ్ళ అన్నయ్యే ఆమెను వైజాగ్‌లో ఓడ ఎక్కించి తీసుకొచ్చి, మా చర్చిలోనే పెళ్ళి జరిపించి వెళ్ళిపోయాడు. ఓడలో వచ్చినన్ని రోజులూ ఆమె తల ఎత్తలేదట. వాంతులతోనే దీవి చూసింది, అప్పుడే దీవి మీద మనసు విరిగిపోయింది. బజారుకు వెళితే అందరూ హిందీలో మాట్లాడతారు, ఆమెకు ఒక్క ముక్క రాదు. వేలితో చూపించి కూరగాయలు కొనుక్కునేది. ఇంట్లో ఏది అడిగినా "ఊఁ" అనేది. చిన్నాన్న కూడా రోజంతా ఇంజను హోరులో ఉండి ఉండి మాటలు పొదుపు చేసే మనిషి. "బాగా దొరికేరు ఇద్దరూ! మూగనోము పట్టినట్టున్నారు," అనేది నానమ్మ. మేమందరం పిన్నిని సముద్రం అంటే భయమని ఆటపట్టించేవాళ్ళం. ఆమె నవ్వేది కాదు. మా ఇంట్లో ఆమె నవ్వు ఎలా ఉంటుందో మాకు తెలియనే తెలియదు.

ఒకరోజు మధ్యాహ్నం మా కంపెనీలో పెద్ద ప్రమాదమొచ్చింది. ఒకే లైను మీద తూర్పు నుంచి ఒక బండినీ పడమటి నుంచి ఒక బండినీ వదిలాం. రెండూ మధ్యలో ముక్కూ ముక్కూ ఆనించి ఆగిపోయాయి. కూతలు పెడుతున్నాయి తప్ప కదలవు. చిన్నాన్నకు కోపం నషాళానికి అంటింది. సముద్రం మీద రెండు పడవలు ఎదురైతే రెండూ కుడికి తప్పుకుని వెళ్ళిపోతాయి, ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. "అరే, ఈ డ్రైవర్ పాగల్ హై క్యా? కొంచెం కుడికి తిప్పితే అయిపోద్ది కదా!" అని తెరమీద చెయ్యి పెట్టి దారి చూపించాడు. "ఆ ఎదురోడికి కూడా బుద్ధిలేదు. హారన్ కొడితే సరిపోద్దా?" అన్నాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. అక్కడ ఇద్దరు మొండివాళ్ళు, వాళ్ళను తిట్టే మూడో మొండివాడు ఒకడు. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి ఒక నవ్వు వినిపించింది. అది చిన్న నవ్వు కాదు. పిన్ని గుమ్మం పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారేలా, పైట నోట్లో కుక్కుకుని మరీ నవ్వుతోంది.

"పట్టాల మీద బండండీ అది! ఎటు తిరుగుతాది?" అంది, ఊపిరి తిప్పుకుంటూ. "ఎదురుబండొస్తే ఒకటి పక్క లైన్లోకెల్లి ఆగాల. రెండోది దాటేక అప్పుడు కదలాల. మా పెరటెనకాలే లూప్‌లైను. మెయిలొస్తాదంటే పాసింజరు ఆగిపోద్ది. దిగి టీ తాగేసి ఎక్కొచ్చు." మా ఇంటికి వచ్చాక ఆమె ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు. చిన్నాన్న తెర వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఆటలో పట్టాలు వేసే బొమ్మల వరుసలో వంకరగా ఒక ముక్క ఉండేది. అది ఏదో అలంకారమనుకుని మేము ముట్టుకోలేదు. "ఇదేనా?" అని చూపించాడు. "అదే," అంది. ఆయన కుర్చీలో సగం జరిగి చోటిచ్చాడు. ఆమె కూర్చోలేదు, కుర్చీ వెనక నిలబడింది. ఆ వంకర ముక్క వేసి, ఒక బండిని అందులోకి పంపి, రెండోది పక్కనుంచి దూసుకుపోతుంటే ముగ్గురం కేకలు పెట్టాం. పొయ్యిమీది పులుసు మాడిపోయింది. ఆ రోజు మాడిన చేపల పులుసే అందరం కిక్కురుమనకుండా తిన్నాం.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. పిన్ని వచ్చాక కంపెనీ స్వరూపమే మారిపోయింది. వాన పడితే చిన్నాన్న చెయ్యి అలవాటుగా ఆపే బొమ్మ మీదికి వెళ్ళేది. "వానకి రైలాగుతాదేటండీ!" అని ఆమె చెయ్యి అడ్డం పెట్టేది. అలాగని ఆమె మాత్రం పెద్ద వ్యాపారస్తురాలేం కాదు. నాలుగు గుడిసెలు కనిపిస్తే చాలు, అక్కడ బండి ఆగాల్సిందే అనేది. ప్రతి ఊళ్ళోనూ ఆగి ఆగి మా ఎక్స్‌ప్రెస్సు ఎడ్లబండి కంటే నెమ్మదిగా వెళ్ళేది. "ఇది కంపెనీయా, ధర్మసత్రమా?" అని చిన్నాన్న విసుక్కున్నాడు. "ఊరన్నాక బండాగకపోతే అక్కడోల్లు ఏం కావాలండీ? రోగమొస్తే ఎలా ఎల్తారు?" అంది పిన్ని. వానాకాలంలో బోటు రాక రోజుల తరబడి ఒడ్డున కూర్చునే ఊళ్ళు చిన్నాన్నకు బాగా తెలుసు. కాసేపు గడ్డం గోక్కుని, నాలుగు గుడిసెల ఊరి దగ్గర ఒక స్టేషను పెట్టాడు. చివరికి ఎక్స్‌ప్రెస్సు వేరే, అన్నిచోట్లా ఆగే పాసింజరు వేరే అని ఒప్పందమైంది. కొండల్లో ఒక స్టేషనుకు పిన్ని వాళ్ళ ఊరిపేరు పెట్టించింది. నానమ్మ కూడా వచ్చి చేరి, "ఆదివారం నాడు బండ్లు తిప్పకండర్రా, పాపం," అని హుకుం జారీచేసింది. తెరమీద ఆదివారాలు తెలియవు కనుక, ఆదివారం మేము కంప్యూటర్ ముట్టుకోవడమే మానేశాం. సోమవారం సాయంత్రం ఎప్పుడవుతుందా అని నాకు ప్రాణం కొట్టుకుపోయేది. కరెంటు పోయి, సేవ్ చేసి దాచుకోవడం మరిచిన ఒక కొండ సొరంగం మొత్తం మాయమైపోయినప్పుడు మేము ముగ్గురం నిజంగా చావుకబురు విన్నట్టు కూర్చున్నాం. ఆ చీకట్లో చిన్నాన్నా పిన్నీ, మళ్ళీ కొండను ఎటునుంచి తొలచాలో గుసగుసగా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఇంతలో పిన్ని అన్నయ్య నుంచి కబురొచ్చింది. చెల్లెలు పెళ్ళయ్యాక ఒక్కసారి కూడా పుట్టింటికి రాలేదనీ, వచ్చే వైజాగ్ ఓడలో వచ్చి, అదే ఓడ తిరుగు ప్రయాణంలో తీసుకెళతాననీ. నానమ్మ పెరట్లో చేపలు తోముతూ నన్ను పిలిచి, ఎవరికీ వినపడకుండా, "ఇది ఓడెక్కితే మరి రాదే," అంది. ఆవిడ భయం ఉత్త భయం కాదు. మాకు తెలిసిన ఇళ్ళలోనే అలా పుట్టింటికని వెళ్ళి, మళ్ళీ ఓడ ఎక్కలేమని అక్కడే ఉండిపోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ భర్తలు ఇక్కడ, వాళ్ళు అక్కడ, మధ్యలో సముద్రం. నానమ్మ ఆగలేక చిన్నాన్ననే అడిగింది, "ఎల్లొద్దని నువ్వో మాట సెప్పకూడదురా?" అని. "వెళ్తానంటే వెళ్ళనీ అమ్మా. కట్టి ఉంచడానికి అదేమైనా బోటా?" అని ఆయన చెప్పులేసుకుని జెట్టీకి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆయనకు డ్యూటీ లేదు. నాకు చిన్నాన్న మీద మండిపోయింది. పిన్ని వెళ్ళిపోతుందేమోనన్న బెంగతో నాకు అన్నం సయించలేదు. ఇంట్లో అందరికీ అదే బెంగ, కానీ ఆమెనే నేరుగా అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

వాళ్ళ అన్నయ్య వచ్చాడు. భారీ మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. సాయంత్రం బోటుకి అన్నాచెల్లెళ్ళు పోర్ట్ బ్లెయిర్ బయల్దేరాలి. పిన్ని పెట్టె గుమ్మం దగ్గర పెట్టి ఉంది. ఆ మధ్యాహ్నం మా ఆటలో కూడా గడువు తీరే ఆఖరి ఏడాది నడుస్తోంది. కొండల మీద చివరి వంతెన అప్పుడే పూర్తయింది. "ఒక్కసారి చూసేసి ఎల్తానన్నియ్యా," అని పిన్ని వచ్చి మొట్టమొదటిసారి కుర్చీలో చిన్నాన్న పక్కన కూర్చుంది. వాళ్ళ అన్నయ్య టీ గ్లాసు పట్టుకుని, పెద్దవాళ్ళు ఇదేం పని అన్నట్టు చూస్తున్నాడు. తూర్పు రేవు నుంచి ఎక్స్‌ప్రెస్సు బయల్దేరింది. నేను నెలలు చదువుతున్నాను, అక్టోబరు, నవంబరు. సరిగ్గా వంతెన దగ్గరికి వచ్చేసరికి అవతలనుంచి బొగ్గు బండి వస్తోంది. వంతెన మీద ఒకటే లైను. "చిన్నాన్నా, బొగ్గుబండి!" అని అరిచాను. "ఆపండాపండి! దాన్ని లూపులో పెట్టండి!" అని పిన్ని ఆయన భుజం పట్టుకుని ఊపేసింది. ఊపితే మౌస్ ఎక్కడ నిలుస్తుంది? ఆయన నొక్కింది ఒకచోట, పడింది ఇంకొకచోట. వాళ్ళ అన్నయ్య గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. "బావగారూ, సిగ్నలు! ముందు ఆడికి సిగ్నలు మార్చండి!" నానమ్మ వెనకనుంచి "ప్రభువా, ప్రభువా" అంటోంది. బొగ్గుబండి ఆఖరి పెట్టె కూడా పక్క లైనులోకి ఒదిగింది. ఎక్స్‌ప్రెస్సు దాన్ని రాసుకున్నట్టు దాటి, వంతెన ఎక్కి, నదిని దాటి, డిసెంబరు సగంలో పడమటి పట్నంలో ఆగింది. తెరమీద బాణాసంచా కాల్చారు, బ్యాండు మోగింది. మేము వేసిన కేకలకు పక్కింటి వాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

అప్పుడు పిన్ని తన చెయ్యి ఇంకా ఆయన భుజం మీదే ఉందని చూసుకుని తీసేసింది. "టైమైపోతంది, బట్టలన్నీ సర్దేసేవా?" అన్నాడు వాళ్ళ అన్నయ్య. చిన్నాన్న తెర మీంచి కళ్ళు తిప్పకుండా, "బావగారూ, మీ పెరటి వెనకాల నిజంగా బండి అలా ఆగుద్దా?" అని అడిగాడు. "ఆగుద్దండి. మెయిలెల్లినంతసేపూ." "అయితే నేనూ వస్తాను," అన్నాడు చిన్నాన్న. అని పిన్ని వైపు తిరిగాడు. మాటలు పొదుపు చేసే ఆ మనిషి, తన తల్లి ముందూ బావగారి ముందూ నా ముందూ, పక్కింటివాళ్ళ ముందు కూడా, "నువ్వు లేకపోతే నాకిక్కడ బాగోదు. నాకు అసలు బండి చూపించు. తర్వాత తిరిగి రావాలో వద్దో నీ ఇష్టం," అన్నాడు. ఆమె తల వంచుకుంది. "ఎల్లేటప్పుడంటే అన్నియ్యున్నాడు. వచ్చేటప్పుడు ఓడలో నా తల ఎవలు పట్టుకుంటారని వారం నుంచీ బెంగెట్టుకున్నాను," అంది. "వస్తే రండి మరి." నానమ్మ "స్తోత్రం!" అని ఎంత గట్టిగా అందంటే, ఆ కేకకు వాళ్ళ అన్నయ్య ఉలిక్కిపడ్డాడు.

పెళ్ళికి దొరకని సెలవును ఈసారి ఎలాగో రాయించుకుని, పోర్ట్ బ్లెయిర్‌లో టికెట్ల వరసలో నిలబడి నిలబడి చిన్నాన్న ఆఖరికి ఓడలో పడుకోడానికి ఒక బంకు సంపాదించాడట. వాళ్ళు వెళ్ళాక ఇంట్లో ఏమీ తోచేది కాదు. పిన్ని ఆ మాట మనస్ఫూర్తిగా అందో, అందరి ముందూ ఆయన పరువు నిలపడానికి అందో నాకు అంతుపట్టలేదు. తల్లిని చూశాక, తన ఊరు చూశాక మనసు మారదని ఎవరు చెప్పగలరు? నానమ్మకూ అదే అనుమానం. అందుకే వైజాగ్ ఓడ వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి, పోర్ట్ బ్లెయిర్ బోటు వచ్చే వేళకల్లా నన్ను వెంటేసుకుని జెట్టీకి వచ్చి నిలబడేది. రెండు బోట్లు ఖాళీగా వచ్చాయి, అంటే మాకు ఖాళీ, ఊరందరికీ కాదు. మూడో బోటు మలుపు తిరుగుతుంటే నానమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "నా కళ్ళు ఆనవు, ఎందరున్నారో నువ్వు సూడు," అంది. ముందు చిన్నాన్న కనిపించాడు, ఒక్కడే. నానమ్మకు ఆ మాట చెప్పకుండా ఇంకాస్త ముందుకు వంగి చూశాను. బోటు ఇంకా దగ్గరికొచ్చాక తెలిసింది. ఆయన కమ్మీ మీదికి వంగి ఎవరి తలో పట్టుకుని ఉన్నాడు. పిన్ని సముద్రంలోకి వాంతి చేసుకుంటోంది. "ఇద్దరూ!" అని నేను అరిచిన అరుపుకు జెట్టీ మీద అందరూ మావైపు తిరిగారు. నానమ్మ అక్కడే ఒక బస్తా మీద కూలబడి ఏడ్చేసింది.

పిన్ని తూలుకుంటూ దిగి, కొంగుతో మూతి తుడుచుకుని, నానమ్మ ఏడుపు చూసి కంగారుపడింది. "ఏటత్తా, ఏటైంది? ఎవలికేటైంది?" అని అడిగింది. తనే రాదనుకున్నామని ఆమెకు ఎవరమూ చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు. చిన్నాన్న మాత్రం సామాను కింద పెట్టకుండానే మొదలుపెట్టాడు. పాసింజరు ఎలా ఆగిందో, మెయిలు ఎలా దూసుకుపోయిందో, ఆ గాలికి తన టోపీ ఎలా ఎగిరిపోయిందో, జెట్టీ నుంచి ఇంటి దాకా చేతులు తిప్పుతూ చెబుతూనే నడిచాడు. తప్పు చెప్పిన చోటల్లా పిన్ని దిద్దుతూ వచ్చింది. ఇద్దరూ ఒకరి మాట ఒకరు పూర్తి కానివ్వడం లేదు. నానమ్మా నేనూ వెనక పడిపోయినా వాళ్ళు చూసుకోలేదు. మా చర్చి రిజిస్టరులో వాళ్ళ పెళ్ళి తేదీ వేరే ఉంది, ప్రతి ఏడూ ఆ రోజున అయ్యగారు ప్రార్థన కూడా చేస్తారు. నాకు మాత్రం వాళ్ళ కాపురం మొదలైంది ఆ మధ్యాహ్నపు ఎండలో, ఆ జెట్టీ రోడ్డు మీద అనిపిస్తుంది. అప్పుడు నేను వాళ్ళ వెనకే నడుస్తున్నాను, ఆకలేస్తోందని విసుక్కుంటున్నాను. జీవితంలో పెద్ద రోజులు మన ముందునుంచే నడిచి వెళుతుంటాయి, అవి పెద్ద రోజులని మనకు తెలిసేసరికి ఎన్నో ఏళ్ళు గడిచిపోయి ఉంటాయి.